వదినె పాట, పాత కంప్యూటరు

“పాట నడుస్తలేదమ్మా. ఈడ్సుకుంట పోతాంది. వయసు మీద పడ్డది గద, ఏం జేస్తం” అన్నాడు మా సంఘం పెద్ద.

మా ముందుగదిలో కూర్చుని, నేనిచ్చిన చాయ్ చేతిలో పట్టుకునే ఆ మాట అన్నాడు. నాకు కోపం వచ్చింది. అనదలచినవాడు ముందు అనాలి, లేదంటే చాయ్ తాగేసి అనాలి. రెండూ కలిపి చేయడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

బీదర్‌లో మాది తెలుగు మాట్లాడే క్రైస్తవుల సంఘం. పిల్లల బడి కన్నడంలో, బజారు బేరం దక్కనీ ఉర్దూలో. ఇంట్లోనూ చర్చిలోనూ మాత్రం తెలుగే. ఈ ఏడు పంటల పండుగకు మా పాత పాటలు రికార్డు చేసి అందరి ఫోన్లకూ పంపుదామని కమిటీవాళ్లు అనుకున్నారు. మంచి ఆలోచనే. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. పక్కనున్న చిమ్కోడ్ ఊరి వైపు ఆడవాళ్లు జొన్న కోతల్లో పాడుకుంటూ పాడుకుంటూ కట్టుకున్నవి. చేలల్లోంచి అవే చర్చిలోకి వచ్చాయి. మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా అన్నీ వచ్చిన మనిషి ఇప్పుడు ఒక్కతే ఉంది. ఆవిడ మా వదినె, అంటే మా ఇంటాయనకు అక్క. నాకంటే పదేళ్లు పెద్దది. చిమ్కోడ్‌లోనే ఉంటుంది, ఇప్పటికీ తన కందిచేను తనే చూసుకుంటుంది.

రికార్డు చేసే పని నా మనవరాలు తీసుకుంది. ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు చెబుతుంది. మధ్యాహ్నం ఇంటికి వచ్చాక పాటలు, పెళ్లి వీడియోల మాటలు రికార్డు చేసి ఇస్తుంటుంది. కుశనూర్‌లో ఒక జిరాక్స్ అంగడి మూసేసినప్పుడు వాళ్ల కంప్యూటరు తెచ్చుకుంది. మైకులు తగిలించుకునే చిన్న పెట్టె ఒకటి ఎవరో వాడి అమ్మేస్తే కొనుక్కుంది. రెండూ పాతవే, రెండూ పనిచేస్తాయి. ఇంకేం కావాలి?

మొదటిసారి రికార్డు చేసింది విని సంఘం పెద్ద ఆ మాట అన్నాడు. అక్కడితో ఆగలేదు.

“వచ్చే ఆదివారం దాకా చూస్తం. మంచిగ వస్తే మంచిదే. రాకపోతే హైదరాబాద్‌ల పాడే పోరగాండ్లున్నరు, కీబోర్డు పెట్టి పాడిపిస్తం. పదాలు మీయే ఉంటయి తియ్యి, ఎటు పోతయి?”

వదినె ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. గోడకు ఆనుకుని కూర్చుని వింటోంది. ఆవిడ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ రోజు అడిగింది.

“పదాలు నాయి, నోరు వాళ్లదా అన్నా?”

సంఘం పెద్ద నవ్వేసి లేచి చెప్పులు వేసుకున్నాడు. వదినె నవ్వలేదు. సాయంత్రం బస్సెక్కే ముందు నాతో అంది: “మా అమ్మ పాడింది ఎవ్వరు పట్టుకోలే. ఆమె గొంతు ఎట్లుంటుండెనో నాకే యాదికి వస్తలేదు. నాది గిట్ల పోవద్దే.”

అంతకంటే నాకు చెప్పాల్సింది ఏమీ లేదు. ఆదివారం లోపల వదినె గొంతుతో ఆ పాట సరిగ్గా రావాలి. వచ్చి తీరాలి.

మా పాట ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. వదినె వరుస ఎత్తుకుంటుంది: “జొన్నచేను తల ఊపే తండ్రీ, నీ చేతి చలువా”. ఆవిడ ‘చలువా’ అని పూర్తిగా దించక ముందే, ఆ మాట సగంలో ఉండగానే, మిగతావాళ్లం తోక పట్టుకుని “చలువా తండ్రీ, నీ చేతి చలువా” అని ఎత్తుకుంటాం. దీన్ని మేం అందుకోవడం అంటాం. అందుకునేవాళ్లు ఉన్నారు కాబట్టే ముందు పాడే మనిషి ఊపిరి తీసుకోగలుగుతుంది. ఆవిడ ఊపిరి తీసుకున్న సంగతి వినేవాళ్లకు తెలియదు. చేలో కొడవలి ఆడిస్తూ పాడిన పాట కదా, అలా పాడితేనే సాగుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. కోతలో ఎవరి సాలు వెనకబడినా మిగతావాళ్లు చెయ్యి నెమ్మది చేస్తారు. ఎవరినీ వదిలేసి ముందుకు పోరు. పాటలోనూ అంతే. ఒకరి గొంతు వెనకబడిందని చెవికి తగిలితే చాలు, అందరం వాళ్లకోసం తగ్గుతాం. ఎవరూ చెప్పక్కర్లేదు, చిన్నప్పటి నుంచి ఒంట్లో పట్టిన అలవాటు.

ఆ అలవాటే మా కొంప ముంచింది.

వదినె గొంతు ఇప్పుడు సన్నబడింది. మేం అందుకునేవాళ్లం ముగ్గురం, నేనూ మా గల్లీలోని ఇద్దరు ఆడవాళ్లూ. మావి గట్టి గొంతులు. అందరం ఒకే గదిలో కూర్చుని పాడితే వదినె మాటలు మా గొంతుల కింద నలిగిపోతున్నాయి. కమిటీవాళ్లకు ప్రతి పదం వినపడాలి. అందుకని మనవరాలు వదినెను లోపల గింజల గదిలో కూర్చోబెట్టింది. అది ఎర్రరాతి గది, కిటికీ లేదు, వీధి చప్పుడు రాదు. మేం ముగ్గురం ముందుగదిలో. రెండు గదుల మధ్య తలుపుకు పాత చీరల బొంతలు రెండు వేలాడదీశాం. అక్కడొక మైకు, ఇక్కడొక మైకు. వదినె చెవులకూ మా చెవులకూ తీగలతో చెవిడబ్బాలు, అదే హెడ్‌ఫోన్లు. ఆవిడ గొంతు కంప్యూటరులోకి పోయి అక్కడినుంచి మాకు రావాలి, మాది ఆవిడకు పోవాలి. మైకు పెట్టెలోంచే నేరుగా వినే మీట ఒకటి ఉంటుందట. మా పెట్టెకు ఆ మీట ఎప్పుడో ఊడిపోయింది.

మొదటిసారి రికార్డు చేసింది అలాగే. సంఘం పెద్ద అన్నట్టే అయింది. మొదటి చరణం మామూలుగా, రెండోది మెల్లగా, మూడోదానికి ఎద్దులు లేని బండిలా. ఆయన వచ్చి పోయిన మరునాడు, వదినె తన ఊళ్లో ఉండగా, మనవరాలు నన్ను ఒక్కదాన్నే మైకు ముందు నిలబెట్టి, చెవిడబ్బా పెట్టి, “అవ్వా, ఒక్కసారి సప్పట్లు కొట్టు” అంది.

కొట్టాను. చేతులు కలిసిన తరవాత చెవిలో చప్పట వచ్చింది. చాలా కొద్ది తేడా. కానీ ఉంది.

“ఇనవడ్డదా?”

“వడ్డది. నేను కొట్టినంక ఇంకెవరో కొట్టినట్టు వడ్డది.”

“అదే పరేషాన్ అవ్వా! పెద్దవ్వ పాడింది మీకు లేట్ వస్తాంది. మీరు అందుకున్నది ఆమెకు ఇంక లేట్ పోతాంది. మీరు వెనకవడ్డరని ఆమె తగ్గుతది. ఆమె తగ్గిందని మీరు తగ్గుతరు. ఇంగ ఎవ్వరు ఆగుతరు?”

నాకు సంఘం పెద్ద చాయ్ గుర్తుకొచ్చింది. వయసు మీద పడిందట! ఒకరికోసం ఒకరం ఆగుతూ పోయాం, అంతే. హైదరాబాద్ పోరగాళ్లయితే ఎవరి కోసమూ ఆగరు, వాళ్లకు ఈ బాధే ఉండదు.

సరే, జబ్బు తెలిసింది. మందు కోసం మనవరాలు టౌన్‌లో కంప్యూటర్లు బాగుచేసే అతన్ని అడిగింది. అతను ఇది పారేసి కొత్తది కొనమన్నాడట.

“పారేయమన్నోని ఇంటికి పోయి చూడు, ఎన్ని పాతయి దాచుకున్నడో” అన్నాను. “నడిచే బండిని ఎందుకు పారేస్తం? ఇంకేం దారి లేదా?”

“ఉంది అవ్వా. లినక్స్ అని ఉంటది. దాంట్ల రియల్‌టైం కెర్నల్ ఎక్కిస్తే పాత కంప్యూటర్‌తోని గూడ ఐతది అంటున్నరు.”

“పైసలు వడ్తయా?”

“వడవు.”

“పైసలు వడని దానికి ఇంకేదో వడ్తది. ఏం వడ్తది?”

“టైము. ఇంక నా తలకాయ.”

“టైము నా దగ్గర ఉంది. తలకాయ నీ దగ్గర ఉంది. షురూ చెయ్యి.”

నేను మూడో తరగతి వరకే చదివాను. అయినా ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువు ఏం చేస్తుందో తెలుసుకోకుండా లోపల పెట్టనివ్వను. కుక్కరు వచ్చినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. కెర్నల్ అంటే ఏమిటో చెప్పి ఎక్కించమన్నాను. నేను అటుకులు చెరుగుతుంటే నా పక్కన కూర్చుని చెప్పింది.

“కంప్యూటర్ల మస్తు పనులు నడుస్తుంటయి అవ్వా. ఎవ్వరి పని ఎప్పుడు చెయ్యాల్నో చెప్పేది కెర్నల్.”

“ఇంట్ల నా లెక్క.”

“ఆ, నీ లెక్కనే. కానీ మామూలు కెర్నల్ కొన్ని పనులు చేతిల పట్టిందంటే, అవి అయినంకనే ఇంకో దిక్కు చూస్తది. పాలు పొంగుతున్నయి అనుకో...”

“పొంగుతుంటే చేతిల ఏమున్నా కింద పెట్టి ఉరుకాలె.”

“అది ఉరుకదు. గిన్నె తోముతుంటే తోముడు అయినంకనే వస్తది.”

“అయితే అదేం ఇల్లు నడుపుతది?”

“అందుకే రియల్‌టైం ది పెడ్తనంటున్న. పాట పనే పాలు అని దానికి చెప్పిపెడ్తం. చేతిల ఏమున్నా ఆడనే విడిచిపెట్టి వస్తది.”

“అంటే అన్ని పనులు జల్ది చేస్తదా?”

“లే అవ్వా. మిగిలిన పనులు ఇంక జర లేట్ గూడ ఐతయి. పాట పని మాత్రం చెప్పిన టైంకే ఐతది. రోజూ, ప్రతిసారి.”

ఆ మాట నాకు నచ్చింది. మనుషుల్లో కూడా నాకు చురుకైనవాళ్ల కంటే చెప్పిన వేళకు వచ్చేవాళ్లే నచ్చుతారు.

ఇంకొకటి అడిగాను. అసలు గొంతు ఎందుకు ఆలస్యంగా వస్తుంది? దానికి మనవరాలు చెప్పింది ఇది: కంప్యూటరు గొంతును కొంచెం కొంచెంగా ఒక గిన్నెలో పట్టి, నిండాక అవతలికి పోస్తుంది. దాన్ని బఫర్ అంటారట. గిన్నె పెద్దదైతే నిండే దాకా ఆగాలి, అందుకే ఆలస్యం. చిన్న గిన్నె పెడితే వెంటనే నిండుతుంది, కానీ నిండిన ప్రతిసారీ ఎవరో అక్కడ ఉండి పోయాలి. ఒక్కసారి అటు చూశారా, పొర్లిపోతుంది. పొర్లినప్పుడు పాటలో ‘టప్’ అని చప్పుడు వస్తుంది. మా కంప్యూటరులో గిన్నె చిన్నది చేస్తే పాటంతా పేలాలు వేయించినట్టు ఉండేది, అందుకని మొదట పెద్ద గిన్నె పెట్టింది. మా నల్లా దగ్గర నేను చెంబుతో పట్టనా బిందెతో పట్టనా అన్న లెక్కే ఇది. ఇందులో తెలియనిది ఏముంది?

పని మొదలుపెట్టింది. జిరాక్స్ అంగడి నాటి సరంజామా అంతా తీసేసి లినక్స్ ఎక్కించింది. ఎక్కించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. “కరెంటు తక్కువ తినేటట్టు పెట్టరాదు?” అంటే, పెడతానంది, పెట్టింది. తరవాత ఫోన్ నుంచి నెట్టు కలిపి రియల్‌టైం కెర్నల్ దింపుకుంది. ఆపి మళ్లీ పెట్టింది. చప్పట్లు కొట్టాను. చిన్న గిన్నె పెడితే పేలాలే, పెద్ద గిన్నె పెడితే ఆలస్యమే. ఏమీ మారలేదు.

“ఎక్కిందంటివి గదనే?”

“ఎక్కింది అవ్వా. ఎందుకు చేస్తలేదో...”

మరుసటి మధ్యాహ్నమంతా దాని ముందు కూర్చుంది. అన్నం పెట్టిన పళ్లెం అలాగే ఉంది. నేను రెండుసార్లు అరిచాను, మూడోసారి పళ్లెం తీసి మూత పెట్టేశాను. సాయంత్రానికి తల కొట్టుకుంటూ నవ్వింది. కొత్త కెర్నల్ లోపల ఉంది గాని, మొదలయ్యేటప్పుడు కంప్యూటరు పాతదాన్నే లేపుతోందట. మొదట్లో కనిపించే వరసలోంచి కొత్తదాన్ని మనమే ఎంచుకోవాలి, ఇక మీదట అదే లేవాలని చెప్పి పెట్టాలి. అది చేయలేదు. కొత్త కోడల్ని తెచ్చి లోపల కూర్చోబెట్టి, పాత మనిషి చేతే వంట చేయించినట్టయింది.

ఇప్పుడు కొత్తదే లేచింది. కొంచెం మెరుగు. కానీ ఇంకా పేలాలు. ఈసారి మనవరాలికి తొందరగానే తెలిసింది. కెర్నల్‌కు పాట పనే పాలు అని చెప్పడానికి కూడా అధికారం కావాలట. పాట నడిపే వాళ్ల జాబితాలో మనవరాలి పేరు చేర్చాలి. చేర్చాక బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోతే గాని అది లెక్కలోకి రాదు. రేషన్ కార్డులో పేరు ఎక్కించుకున్నా కొత్త కార్డు చేతికి వచ్చే దాకా బియ్యం ఇవ్వరు కదా, నాకు వింతగా అనిపించలేదు. పేరు చేర్చింది, బయటికి వచ్చింది, లోపలికి పోయింది. చిన్న గిన్నె పెట్టింది.

“కొట్టు అవ్వా.”

కొట్టాను. నా చేతిలోనూ చెవిలోనూ ఒకే చప్పట. ఇంకోసారి కొట్టాను. గింజల గదిలోకి పోయి కొట్టాను. మనవరాలు ముందుగదిలోంచి “బరాబర్!” అని అరిచింది. నేనైతే అరవలేదు. పాట వస్తే అప్పుడు చూద్దామనుకున్నాను.

శనివారం పొద్దున వదినె మొదటి బస్సుకు వచ్చింది. గల్లీలోని ఇద్దరూ వచ్చారు. ఫ్యాన్ ఆపాను. ఫ్రిజ్ ఆపాను. ఎవరి ఫోన్లు వాళ్ల చేత బంద్ చేయించాను. మనవరాలు కంప్యూటరులో నెట్టు కూడా తీసేసింది, అది మధ్యమధ్య పలకరిస్తే కెర్నల్ అటు చూడాల్సి వస్తుందని.

వదినె చెవిడబ్బా పెట్టుకుని తలమీది కొంగు సర్దుకుంది. “ఇగ మల్ల ఈడ్సుకపోతే మీ సంఘం పెద్ద నన్ను స్మశానం దాకా ఈడ్సుకపోతడు” అంది.

“ఈడ్సుకపోడు, పాడు” అన్నాను.

ఎత్తుకుంది. జొన్నచేను తల ఊపే తండ్రీ... సగంలో అందుకున్నాం. ఆవిడ ఊపిరి తీసుకుంది. మళ్లీ ఎత్తుకుంది. నడిచింది! మెడలు ఊగుతున్నాయి, గల్లీ ఆవిడ ఒకతి తెలియకుండానే తొడమీద చెయ్యి వేసి తాళం వేస్తోంది. మూడో చరణం కూడా మొదటి చరణం నడకలోనే పోయింది. కానీ ‘టప్’. మళ్లీ కొంత సేపటికి ‘టప్’. పేలాలు కాదు, ఒక్కొక్కటే. వదినె ఎత్తుకునే ప్రతి మొదటి మాట దగ్గరా కాకపోయినా, చాలాసార్లు అక్కడే. ‘జొన్న’లో ‘జొ’ పోయి ‘న్న’ మిగిలింది.

మనవరాలు చెయ్యి ఎత్తి ఆపింది. ముఖం వాడిపోయింది. “అన్నీ చేసిన. ఇంకేం మిగిలింది?” అని తనలో తనే అనుకుంటూ తెరమీద అంకెలు చూస్తోంది. వదినె లోపలినుంచి, “ఏమైందే? నా గొంతు ఖరాబా?” అంది.

“నీ గొంతు మంచిగనే ఉంది పెద్దవ్వా. జర ఆగు.”

“ఆగుత గని రేపే గద ఆదివారం!”

గల్లీ ఆవిడ ఒకతి, పోనీ ఆ చప్పుడు ఉంటే ఉండనియ్యరాదా అంది. ఉండనివ్వనన్నాను. హైదరాబాద్ పిల్లల్ని పిలవడానికి కమిటీకి ఆ ఒక్క ‘టప్’ చాలు. మనవరాలు ఇంకాసేపు చూసింది. పాట నడుస్తున్నప్పుడు కాదు, పాట కాస్త ఆగి మళ్లీ ఎత్తుకునేటప్పుడే అది వస్తోందని కనిపెట్టింది. పని తగ్గిన వెంటనే ఏదో కునుకు తీస్తోంది, లేవడానికి ఆలస్యం చేస్తోంది. అప్పుడు మెల్లగా నా వైపు తిరిగింది.

“అవ్వా, దీన్ని కరెంటు తక్కువ తినేటట్టు పెట్టుమన్నది ఎవరు?”

“నేనే. అయితే?”

“పని లేనప్పుడు సగం పండుకుంటాంది. మల్ల లేవనీకి టైం తీసుకుంటాంది. అదే ఈ సప్పుడు.”

లోపలినుంచి వదినె నవ్వు వినిపించింది. చెవిడబ్బాలోంచి అందరి చెవుల్లోనూ నవ్వింది. “మా మరదలు ఇంట్ల లైట్లే కాదు, పాట గూడ బంద్ చేస్తది!”

గల్లీ ఆడవాళ్లు కొంగు నోట్లో పెట్టుకున్నారు. నవ్వుకోనీ. పనిలేనప్పుడు ఏదైనా ఎందుకు మండాలి? రోజంతా ఊరికే ఉండే కంప్యూటరుకు నిండా కరెంటు ఎందుకు? నేను చెప్పింది తప్పు కాదు. ఆ పూటకు పనికి రానిది, అంతే.

“పెట్టుమన్నది నేనే, ఇప్పుడు తియ్యమంటున్నది గూడ నేనే” అన్నాను. “పాటున్నంత సేపు నిండ మేల్కొని ఉండుమను. అయినంక పండుకోమను. పో, తియ్యి.”

తీసింది. కంప్యూటరు లోపలి ఫ్యాన్ గట్టిగా తిరగడం మొదలుపెట్టింది. అది మైకుకు వినపడుతుందని దాని మీదికీ ఒక బొంత కప్పబోతే మనవరాలు కసిరింది, కాలిపోతుందట. మైకును జరిపి, మధ్యలో తలుపుకున్న బొంతల్లో ఒకటి తెచ్చి అడ్డం కట్టాం.

మళ్లీ మొదటినుంచి. ఈసారి ఎవరూ నవ్వలేదు. వదినె గొంతు కొంచెం వణికింది, తరవాత కుదురుకుంది. ‘జొన్న’ నిండుగా వచ్చింది. మేం అందుకున్నాం, ఆవిడ వదిలింది, మళ్లీ పట్టుకుంది. ఎవరం ఎవరికోసమూ ఆగలేదు, ఎవరినీ వదిలి పోలేదు. మధ్యలో రాతిగోడ ఉన్న సంగతే మరిచిపోయాను. చేలో వదినె నా పక్క సాలులో వంగి ఉన్నట్టే, కొడవలి ఆగకుండా ఆడుతున్నట్టే ఉంది. నాలుగో చరణంలో ఒక పంక్తి ఆవిడకు తప్పింది, వెంటనే వేరే పంక్తి కట్టి పాడేసింది. అది కూడా బాగుంది. మనవరాలు మళ్లీ పాడిస్తానంటే వద్దన్నాను. చేలో కట్టినట్టే కట్టింది, అలాగే ఉంచమన్నాను. మిగతా పాటలు కూడా ఆ పూటే, అన్నం వేళ లోపల అయిపోయాయి.

సాయంత్రం సంఘం పెద్ద వచ్చాడు. ఈసారి చాయ్ ముందు ఇవ్వలేదు. చెవిడబ్బా ఇచ్చాను. కళ్లు మూసుకుని విన్నాడు. రెండో చరణానికి ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆయన తల్లి కూడా చిమ్కోడ్ వైపు మనిషే. పాట అయ్యాక చెవిడబ్బా తీసి అటూ ఇటూ చూశాడు.

“ఇది మొన్న పాడినోళ్లేనా?”

“కాదు మామా, హైదరాబాద్ కెళ్లి పిలిపిచ్చినం” అంది మనవరాలు.

ఆయన నవ్వాడు. ఎంత నవ్వినా పెద్దవాడు కదా, ఏదో ఒకటి సవరించకుండా ఉండలేడు. “వెనక జర కీబోర్డు వేస్తే ఎట్లుంటది?”

“కీబోర్డుకు అందుకునుడు వస్తదా అన్నా?” అని వదినె అడిగింది.

రాదని ఒప్పుకున్నాడు. కీబోర్డు లేకుండానే తీసుకుంటామన్నాడు. అప్పుడు చాయ్ పెట్టాను.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, ఫోన్లకు పంపే ముందు అందరికీ ఒకసారి వినిపిస్తామని స్పీకరులో పెట్టారు. చాపల మీద ఆడవాళ్ల వరసలో వదినె నా పక్కన కూర్చుంది. స్పీకరులోంచి ఆవిడ గొంతు లేచింది. ఇంతమంది ముందు, ఇంత పెద్దగా, ఇంత తేటగా ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. పంక్తి సగంలో ఉండగానే చర్చిలో ఆడవాళ్లంతా అందుకున్నారు. ఎవరూ చెప్పలేదు. మగవాళ్లు కూడా కలిశారు, వాళ్లకు రాదుగాని కలిశారు.

వదినె మాత్రం పాడడం లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని స్పీకరు వైపు చూస్తూ కూర్చుంది. నాకు తెలిసినంతలో ఆవిడ చర్చిలో నోరు కదపకుండా కూర్చున్న పాట అదొక్కటే. మోచేత్తో పొడిచాను.

“పాడవేంది వదినె?”

“పాడుతున్న గద, ఆడ” అంది.

“ఆడ పాడితే పాడినవు. ఈడ గూడ పాడు, నోరేం అరుగది.”

నా వైపు ఒకసారి చూసింది. కొంగు సర్దుకుని, తన పాటకు తనే అందుకుంది.